పాత క్యాసెట్లను పారేయకండి, పూజలో మోగించకండి: దక్షిణ ఒడిశా సెమినరీలకు బహిరంగ లేఖ

బరంపురం, రాయగడ మేత్రాసనాల (డయోసీసుల) మేత్రాణులకు (బిషప్పులకు), ఫాదర్లు కాబోయే పిల్లలు చదువుకునే మైనర్ సెమినరీల రెక్టర్ ఫాదర్లకు, అక్కడ సంగీతం చూసే బ్రదర్లకు, విచారణ (పారిష్) గురువులకు క్రీస్తు నామంలో వందనాలు.

సెమినరీలో స్టోర్ రూము సర్దుతున్నారంటే మొదట గుమ్మం దాటేది ఓ అట్టపెట్టె. అందులో క్యాసెట్లు, రెండు మూడు స్పూలు టేపులు, కవరు చిరిగిన రికార్డులు, మార్కర్ పెన్నుతో పేరు రాసిన సీడీలు ఉంటాయి. వినడానికి మిషను లేదు, బూజు వాసన వస్తోంది, ఎవరికీ అక్కర్లేదు అనుకుని పాత సామాన్లు కొనేవాడికి ఇచ్చేస్తారు. దయచేసి ఇవ్వకండి. ఆ పెట్టెను కాపాడండి, అందులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించండి, దాన్ని సెమినరీ పిల్లలకు సంగీతం పీరియడ్‌లో పాఠంగా పెట్టండి. ఇది మొదటి మనవి. రెండోది: దివ్యబలిపూజలో (మాస్‌లో) మనుషులు పాడవలసిన చోట పెన్‌డ్రైవ్ పాట మోగించడం ఆపండి. ఈ రెండు మనవులకూ సంబంధం ఏమిటో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

ముందు ఆ పెట్టెలో ఉన్నదేమిటో చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1846లో ఫ్రాన్సులోని అన్నెసీ నుంచి విశాఖపట్నం వచ్చిన గురువుల మిషనరీ సేవే గంజాంలోని సురడ దాకా పాకింది. 1922లో స్పెయిన్ నుంచి విన్సెన్షియన్ గురువులు కటకం వైపు వచ్చారు. 1974లో బరంపురం మేత్రాసనం, అందులోంచి 2016లో రాయగడ మేత్రాసనం ఏర్పడ్డాయి. ఇన్ని చేతులు మారిన నేలలో ఒక్క క్యాసెట్‌లోనే లతీను ఆశీర్వాద గీతం, తెలుగు స్లీవ మార్గం (సిలువ యాత్ర) పాట, ఒడియా కానుకల పాట, సవర పాట పక్కపక్కన దొరుకుతాయంటే ఆశ్చర్యం లేదు. అట్ట మీద రాత తెలుగులో ఉండొచ్చు, ఒడియాలో ఉండొచ్చు, కేరళ కన్యస్త్రీలు రాసి ఉంటే మలయాళంలో ఉండొచ్చు.

ప్రపంచంలోని మేత్రాణులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత లతీను పూజ మన భాషల్లోకి మారిన కాలం చాలా ముఖ్యం. అప్పుడు కొత్తగా కట్టిన పాటల్లో స్వరం రాసిపెట్టినవి తక్కువ. మాట పుస్తకంలో అచ్చయింది, బాణీ మాత్రం ఊళ్లో జపాలు, పాటలు నేర్పే ఉపదేశి గొంతులోనే ఉండిపోయింది. తెలుగులో అమ్మకానికి వేసిన క్యాసెట్లయితే సికింద్రాబాద్‌లోని కతోలిక ప్రసార కేంద్రం అమృతవాణి వంటి చోట్ల ఇంకా దొరికే అవకాశం ఉంది. గుణుపురం దగ్గర ఓ పల్లెలో పవిత్ర వారంలో టేప్ రికార్డర్ పెట్టి పట్టిన పాటకు ప్రపంచం మొత్తానికీ ఆ ఒక్క క్యాసెట్టే దిక్కు. అందుకే ముందు వరసలో ఉండవలసింది ఇంట్లో పట్టినవి: గురుపట్టాభిషేకాలు, విచారణ పండుగలు, తపస్సు కాలపు (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల) పాటలు, ముసలి ఉపదేశులు చెప్పించిన జపాలు. కంపెనీ ముద్ర ఉన్నవి ఆఖర్న చూసుకోవచ్చు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా చెప్పాలి. మన ప్రాంతానికి అక్టోబరు నెల చెడ్డది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వరదలో ముంచింది. కాబట్టి ఆగస్టులోనే పెట్టెలు నేల మీద నుంచి లేపి, కనీసం నడుము ఎత్తులో, గోడకు జానెడు దూరంలో ఉన్న ఇనుప బీరువాలోకి మార్చండి. రేకుల కప్పు కింది అటక మీద పెట్టొద్దు, ఎండాకాలం వేడికి టేపు చుట్ట వదులై లోపలే నలిగిపోతుంది. మైకు సెట్టు, స్పీకర్ల పక్కన కూడా పెట్టొద్దు, వాటి అయస్కాంతం టేపుకు పడదు. బీరువాలో కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. క్యాసెట్లున్న అరలో మాత్రం వేయకండి, ఆ ఆవిరికి పాలిస్టైరీన్ డొల్లలు మెత్తబడి జిగురుగా అవుతాయి. వాటి బదులు సిలికా జెల్ సంచులు పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పీల్చేసినట్టు, మార్చాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి. గాలి పొడిగా ఉంటుంది, తుఫాను భయం తగ్గుతుంది, పిల్లలు సెమినరీలోనే ఉంటారు. శని, ఆదివారాల్లో కలిపి వారానికి ఆరు క్యాసెట్లు చొప్పున చేస్తే వంద క్యాసెట్లు 17 వారాల్లో అవుతాయి. అంతకంటే తొందర పడితే వినకుండా ఎక్కించేస్తారు. అరవై నిమిషాల క్యాసెట్‌కు అరవై నిమిషాలు వినాల్సిందే, ఇందులో దగ్గర దారి లేదు. పైన ఇంకో అరగంట శుభ్రం చేయడానికి, పేర్లు రాయడానికి పడుతుంది.

సీడీలనుంచే మొదలుపెట్టండి. చూడ్డానికి అన్నిటికంటే కొత్తగా ఉంటాయి గాని, ఇంట్లో రాసిన సీడీలో పాట నిలిచేది పలుచటి రంగు పొర మీద. వేడికి, వెలుతురుకు ఆ పొర మాసిపోతుంది. క్యాసెట్ పాడవుతుంటే ధ్వని తగ్గుతూ ముందే తెలుస్తుంది. సీడీ అలా చెప్పదు, నిరుడు మోగింది ఈ ఏడు కంప్యూటర్‌కు అసలు కనబడదు. ఒక్కో సీడీకి అయిదు పది నిమిషాలు చాలు కాబట్టి మొదటి శనివారమే అయిపోతాయి.

ఇక క్యాసెట్లు. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఈ చిన్న డొల్లలో టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అది నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. మందం మాత్రం అన్నిటికీ ఒకటి కాదు. సి-60లో సుమారు 18 మైక్రాన్లు, సి-90లో 12, సి-120లో 9. కాబట్టి సి-120 కనబడితే వేగంగా ముందుకీ వెనక్కీ తిప్పకండి, సాగిపోతుంది, లేదా రబ్బరు రోలరుకు చుట్టుకుంటుంది. పట్టేసినట్టున్న క్యాసెట్‌ను అరచేతి మీద బల్లపరుపుగా రెండు మూడుసార్లు మెల్లగా తట్టి, ఆరు పలకల పెన్సిల్‌ను చక్రంలో పెట్టి చేత్తో తిప్పి చూడండి. తిరగకపోతే బలవంతం చేయొద్దు. మరలు ఉన్న డొల్లయితే అయిదు మరలు విప్పి రెండు చుట్టలనూ అలాగే కొత్త డొల్లలోకి మార్చొచ్చు. అతికించిన డొల్లయితే అంచు మీద చాకు మొనతో జాగ్రత్తగా విడగొట్టాలి, అది పెద్దల చేతి పని.

క్యాసెట్ తెరిచే వైపు మధ్యలో చిన్న రాగి రంగు పట్టీ మీద బియ్యపు గింజంత ఉన్ని మెత్త ఉంటుంది. టేపును హెడ్డుకు, అంటే మిషనులో ధ్వనిని చదివే ముక్కకు, ఒత్తేది అదే. జిగురు ఎండి ఆ మెత్త రాలిపోతే పాట వచ్చీ పోతూ, గొంతు దుప్పటి కింద ఉన్నట్టు వినిపిస్తుంది. చాలామంది అక్కడే టేపు పోయిందని తీర్పు చెప్పేస్తారు. టేపు బాగానే ఉంటుంది, డొల్ల మారిస్తే చాలు. టేపు తెగితే మామూలు సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు కారి పక్క చుట్టకు అంటుకుని ఇంకో చోట తెగుతుంది. అతుకుల కోసమే సన్నటి స్ప్లైసింగ్ టేపు వస్తుంది. రెండు కొసలనూ 45 డిగ్రీల వాలులో కోసి, కొసకు కొస ఆనించి, నున్నటి వీపు వైపు మాత్రమే అంటించాలి.

కిటికీలోంచి చూస్తే చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపించిందా, అది బూజు. అలాంటివి వేరే పెట్టెలో, సిలికా జెల్‌తో, మిగతావాటికి దూరంగా పెట్టండి. పిల్లల చేత ముట్టించకండి. పెద్దవాళ్లు ఎన్95 మాస్కు పెట్టుకుని వరండాలో శుభ్రం చేయాలి, పడక హాల్లోనూ ప్రార్థనా మందిరంలోనూ చేయకూడదు. అలాంటి క్యాసెట్ ఒకటి నడిపాక మిషను హెడ్డు తుడవకుండా రెండోది పెడితే బూజు దానికీ అంటుకుంటుంది. వరద నీటిలో మునిగినవాటిని ఎండలో ఆరబెట్టడం పెద్ద పొరపాటు. బురద ఎండితే ఇసుక కాగితంలా తయారై టేపును గీకేస్తుంది. తడి ఆరకముందే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో ఫ్యాను గాలికి పెట్టాలి.

మిషను దగ్గరికి వద్దాం. చేతిలో ఇమిడే చవక కన్వర్టర్లు, తిన్నగా కంప్యూటర్‌కు గుచ్చేవి కొనకండి. వాటి మోటారు వణుకుతుంది, పొడుగు రాగంలో ఆ వణుకు తెలిసిపోతుంది. పాత క్యాసెట్ డెక్కు ఒకటి సంపాదించి, మెకానిక్ చేత బెల్టులు మార్పించండి. బెల్టులు పాతబడితే కరిగి తారులా అవుతాయి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడవాలి, రబ్బరు రోలరును మాత్రం కొద్దిపాటి సబ్బు నీళ్లతో. ఆల్కహాలు పదేపదే తగిలితే రబ్బరు బీటలు వారుతుంది. ప్రతి అయిదు క్యాసెట్లకు ఒకసారి ఈ తుడుపు తప్పనిసరి.

అన్నిటికంటే ఎక్కువ మంది వదిలేసేది హెడ్డు వాలు. రికార్డు చేసిన మిషను హెడ్డు, మీ డెక్కు హెడ్డు వెంట్రుకవాసి తేడాగా నిలబడి ఉన్నా స, శ అక్షరాలు మొద్దుబారతాయి, తాళాల చప్పుడు చచ్చిపోతుంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మర ఉంటుంది. రెండు వైపుల ధ్వనినీ ఒకటిగా కలిపి వింటూ, ఆ మరను పావు చుట్టుకు మించకుండా ఇటూ అటూ తిప్పితే ఒక చోట అక్షరం విచ్చుకుంటుంది. అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ ఇది మళ్లీ చేయాలి. బుస్సుమనే చప్పుడు తగ్గించే డాల్బీ మీటను అట్ట మీద రాసి ఉంటే తప్ప వేయకండి. పల్లెల్లో పట్టిన టేప్ రికార్డర్లలో డాల్బీ ఉండేది కాదు, దాన్ని వేస్తే ఉన్న కాస్త మెరుపూ పోతుంది.

ఇంకో చిక్కు మన కొండ ఊళ్లకే ఎక్కువ. కరెంటు లేని చోట బ్యాటరీ సెల్లుల మీద రికార్డు చేశారు. సెల్లులు నీరసపడితే మోటారు నెమ్మదిస్తుంది. అలా నెమ్మదిగా పట్టిన టేపును సరైన వేగంలో నడిపితే పాట పరుగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆరు శాతం నెమ్మదిగా పడి ఉంటే అర మెట్టు పెరుగుతుంది, అంటే రెండు శ్రుతిలో పాడింది రెండున్నరలో వినిపిస్తుంది. రికార్డింగు సాగేకొద్దీ సెల్లులు ఇంకా దిగుతాయి కాబట్టి క్యాసెట్ మొదట్లో కంటే చివర శ్రుతి ఎక్కువగా ఉంటే కారణం ఇదేనని అనుమానించండి. అదే హార్మోనియం మొదటి పాటలో, ఆఖరి పాటలో వినిపిస్తే పోల్చి చూడ్డం తేలిక. ఈ దిద్దుబాటు అసలు ఫైలు మీద చేయకండి, నకలు మీద చేసి ఎంత మార్చారో రాసిపెట్టండి.

డెక్కు వెనక లైన్ అవుట్ రంధ్రం నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (ధ్వనిని కంప్యూటర్ అంకెల్లోకి మార్చే చిన్న పెట్టెకు), అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ కలపండి. ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి తీసి మైకు రంధ్రంలో గుచ్చితే ధ్వని పగిలిపోతుంది. 50 హెర్ట్జ్ బొంయ్‌మనే చప్పుడు వస్తుంటే డెక్కునూ ఇంటర్‌ఫేస్‌నూ ఒకే స్విచ్‌బోర్డుకు పెట్టి, ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి చూడండి. కరెంటు పోయినప్పుడు చదరపు అల ఇన్వర్టర్ మీద డెక్కు నడపొద్దు, దాని గీర టేపు ధ్వనిలో కలిసిపోతుంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు. అందులో రికార్డింగు నాణ్యత ఇలా పెట్టండి: 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం చెప్పిన కనీస కొలత ఇదే. అవకాశం ఉంటే 96 పెట్టండి, స్పూలు టేపులకు తప్పక పెట్టండి. రెండు చానెళ్లతో 48లో గంటకు సుమారు 1 గిగాబైటు, 96లో సుమారు 2 గిగాబైట్లు పడుతుంది. వంద గంటలు ఎక్కించినా 1 టెరాబైటు డిస్కులో మూల కూడా నిండదు. రికార్డింగు కొలత అన్నిటికంటే పెద్ద చప్పుడు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. గురుపట్టాభిషేకం ఊరేగింపులో డప్పులు పడే చోటు ముందే వెతికి దాన్నిబట్టి కొలత సరిచేసుకోవాలి. డప్పు దగ్గర ఒకసారి పగిలిన ధ్వనిని తర్వాత ఎవరూ అతికించలేరు.

చప్పుడు తీసేసే ఎఫెక్టులు అసలు ఫైలు దగ్గరికి రానీయకండి. బుస్సుమనే శబ్దంతో పాటు హార్మోనియం తిత్తి ఊపిరి, గుడి గోడల మార్మోగు, వెనక బెంచీలో ముసలమ్మ ఒక మాట ఆలస్యంగా అందుకునే గొంతు కూడా పోతాయి. మాకు ఆ ముసలమ్మ గొంతు కావాలి. పాట ఏ వేగంలో జనం నోట నిలిచిందో చెప్పేది ఆవిడే.

స్పూలు టేపుల గురించి కొంచెమే చెబుతాం, ఎందుకంటే సొంతంగా చేయొద్దని చెప్పడానికే. చుట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు చుట్టలోంచి దూరి వస్తే అది అసిటేట్. వెనిగర్ వాసన కూడా వస్తుంటే కుళ్లు మొదలైనట్టు, వాటిని విడిగా పెట్టి అన్నిటికంటే ముందు నిపుణుడి దగ్గరికి పంపాలి. నడిపేటప్పుడు కీచుమని అరుస్తూ హెడ్డు మీద గోధుమ రంగు జిగురు వదిలే టేపులు 1970, 80ల నాటివి, వీపు మీద నల్లటి పూత ఉంటుంది. వాటిని దాదాపు 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి నడుపుతారు. వంటగది ఓవెన్‌లో ఆ ప్రయోగం చేయకండి, అసిటేట్‌కు అసలు చేయకూడదు. పాట వెనక నుంచి ముందుకు చదువుతున్నట్టు ఇంకో గొంతు వినిపిస్తే టేపు చెడిపోలేదు, ట్రాకుల లెక్క తప్పిన మిషను మీద నడుపుతున్నారని అర్థం.

రికార్డుల్లో 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, కాబట్టి వాటిని స్పిరిట్‌తో తుడవకండి. మెత్తటి పొడి బ్రష్షు చాలు. 78 గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల సూది కావాలి. ఎల్పీ సూది పెడితే అది గాడి అడుగున పడి దుమ్ము చప్పుడే వినిపిస్తుంది. నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఇంతే.

ఫైలు తయారయ్యాక జాబితా లేకపోతే అంతా వృథా. క్యాసెట్‌కు ఒక సంఖ్య, ఫైలుకు అదే సంఖ్య, వైపు 1, వైపు 2. అట్టకూ డొల్లకూ రెండు పక్కలా ఫోటో. తర్వాత ఊరు, సందర్భం, తేదీ, పాడినవాళ్లు, వాయిద్యాలు, భాష. తేదీ తెలియకపోతే ఊహించి రాయకండి, ఖాళీగా వదలండి. భాష గడిలో శ్రద్ధ పెట్టండి. జాబితా రాసేవాడికి సవర రాకపోతే 'గిరిజన పాట' అని రాసి వదిలేస్తాడు. పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషకు వ్యాకరణం రాసి 1931లో, నిఘంటువు రాసి 1938లో వెలువరించిన నేల ఇది. ఇక్కడి సెమినరీ జాబితాలో సవర పాటకు పేరు లేకపోవడం మనకు తగదు. సవర, కుయి (కోందుల భాష) మాట్లాడే ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు మీ బెంచీల్లోనే ఉన్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినండి, మొదటి పాదం వాళ్ల చేత రాయించండి.

1983 తిరుసభ (కతోలిక చర్చి) చట్టసంహిత 491వ చట్టం ప్రకారం, మేత్రాసనంలోని ఆలయాల భాండాగారాల్లోని పత్రాలు భద్రంగా ఉండేలా మేత్రాణులు చూడాలి, వాటి జాబితా రెండు ప్రతులు తయారై ఒకటి ఆలయంలో, ఒకటి మేత్రాసన భాండాగారంలో ఉండాలి. అందులో క్యాసెట్ మాట లేదు. అయినా ఈ పెట్టెకు అదే పద్ధతి వర్తింపజేయమని మేత్రాణులను వేడుకుంటున్నాం. ఫైళ్లు రెండు డిస్కుల్లో సెమినరీలో, మూడోది మేత్రాణుల నివాసంలో. ఒక్కో ఫైలుకు కంప్యూటర్ చేత వేలిముద్ర లాంటి సంఖ్య తీయించి దాచుకుంటే, తర్వాత ఒక్క బిట్టు చెడినా పోల్చి పట్టుకోవచ్చు. ఏటా నవంబరు 2న, మృతుల పండుగ నాడు, ఆ పోలిక చేయమని మా సూచన. ఆ ఫైళ్లలోని గొంతుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు సమాధుల్లో ఉన్నవాళ్లవే.

ఇంత శ్రమా దేనికంటే, పాఠానికి. 1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ దైవార్చనపై వెలువరించిన పత్రం 115వ పేరాలో, సెమినరీల్లో సంగీతం నేర్పడానికీ సాధన చేయించడానికీ పెద్ద ప్రాధాన్యం ఇవ్వాలని ఉంది. 119వ పేరాలో మిషనరీలు పనిచేసే దేశాల ప్రజలకు తమ సంగీత సంప్రదాయం ఉందనీ, మిషనరీల శిక్షణలో దానికి చోటుండాలనీ ఉంది. కీబోర్డు కొని పెట్టినంత మాత్రాన ఈ రెండు పేరాలూ నెరవేరవు.

మీ పిల్లల్లో ఎక్కువ మంది ఒడియా మీడియంలో చదువుతారు. తెలుగు పాట అందుకుంటే 'ప్రభు' కాస్తా 'ప్రొభు' అవుతుంది, ఎందుకంటే ఒడియాలో అకారం గుండ్రంగా పలుకుతుంది. 'జీవం' 'జివం' అవుతుంది, ఇకార ఈకారాల నిడివి తేడా ఒడియా మాటలో లేదు. తెలుగు పాటకు తాళం నడిచేది ఆ నిడివి మీదే. దీర్ఘం కుంచించుకుపోతే పిల్లవాడు ఖాళీని పూడ్చడానికి లేని గమకం ఒకటి వేస్తాడు. టీచరు ఎన్నిసార్లు చెప్పినా రానిది, పాత టేపులో ఓ ఉపదేశి పాడింది మూడుసార్లు వింటే వస్తుంది.

వారానికి 40 నిమిషాల పీరియడ్, ఒకే పాట. మొదటిసారి ఎవరూ మాట్లాడకుండా వినాలి, పుస్తకం మూసి. రెండోసారి చేత్తో తాళం వేస్తూ, ఊపిరి ఎక్కడ తీశారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. మూడోసారి పెదవి కదిపీ కదపనట్టు వెంట పాడాలి. తర్వాత మిషను కట్టేసి, హార్మోనియం ఒక్క సా మాత్రమే పట్టి, పాట మొత్తం పాడించాలి. ఆఖరి పది నిమిషాలు పల్లవి స్వరం రాయించండి. 13 నుంచి 16 ఏళ్ల మధ్య గొంతు మారే పిల్లల్ని టేపు శ్రుతికి లాగకండి, వాళ్లకు పాట ఎంత దిగితే అంత దించండి. పై స్థాయిలో అరిపిస్తే ఆ వయసులో గొంతు దెబ్బతింటుంది. లతీను గీతాలకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ తాళం బదులు మాట విరుపు మీద దృష్టి పెట్టాలి.

మిషను కట్టేయమన్నాం చూశారా, మా రెండో మనవి అదే. 1958 సెప్టెంబరు 3న, 12వ పయస్ పోపు కాలంలో, రోము వెలువరించిన పవిత్ర సంగీత నియమావళి 71వ అంశంలో గ్రామఫోను, రేడియో, టేప్ రికార్డర్ వంటివాటిని ఆరాధనలో వాడకూడదని ఉంది. అదే అంశంలో వాటిని విశ్వాసులకు పాట నేర్పడానికి వాడుకోవచ్చనీ ఉంది. ఆ నియమావళిలోని చాలా సంగతులు మహాసభ తర్వాత మారాయి. ఈ తేడా మాత్రం ఈరోజుకీ మనకు అవసరం. ఇప్పుడు విచారణల్లో కానుకల పాట పెన్‌డ్రైవ్‌లోంచి వస్తోంది, కీబోర్డు ముందే నింపిన దరువు కొడుతోంది, జనం నోరు మూసుకుని నిలబడుతున్నారు. అలాంటి విచారణ గురువు సెమినరీలో ఉండగా చెవి తయారు చేసుకోలేదు, విచారణకు వచ్చాక గానబృందాన్ని తయారు చేయలేకపోయాడు, చివరికి స్పీకరును ఆశ్రయించాడు. ఇది చూస్తుంటే మాకు కష్టంగా ఉంది. నలుగురు పాడితే శ్రుతి తప్పినా ఫరవాలేదు, పాడనివ్వండి.

హక్కుల సంగతి కూడా సెమినరీ తెలుసుకోవాలి. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం అమ్మకానికి వేసిన రికార్డింగుకు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పాట కట్టినవారి హక్కు వారు పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు. కంపెనీ క్యాసెట్ల ఫైళ్లను బయట అందరికీ పంచకండి. ఇంట్లో పట్టినవాటిలో కూడా పాడినవాళ్లకు హక్కుంది. బతికి ఉన్నవాళ్లను అడగండి, లేనివాళ్ల ఇంటివాళ్లను అడగండి, అడిగినప్పుడు ఓ నకలు వాళ్ల ఫోనులోకి ఎక్కించి ఇవ్వండి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), ఆధ్యాత్మిక సలహా వంటి ఏకాంత మాటలు పొరపాటున పడి ఉంటే ఆ భాగాన్ని ఎవరికీ వినిపించకుండా రెక్టర్ ఫాదర్‌కు అప్పగించాలి.

మేత్రాణులను కోరేది: సెమినరీలు, విచారణలు, కాన్వెంట్లలోని పాత రికార్డింగులను పారేయవద్దని ఒక లేఖ, ఆగస్టు లోపల. రెండు మేత్రాసనాలకూ కలిపి ఒక్క మంచి డెక్కు, ఒక్క ఇంటర్‌ఫేస్ కొంటే చాలు, వంతులవారీగా తిప్పుకోవచ్చు. రెక్టర్ ఫాదర్లను కోరేది: ఒక బీరువా అర, టైంటేబుల్‌లో తీసేయని ఒక పీరియడ్, ఈ పని తెలిసిన ఒక బ్రదర్‌ను మూడేళ్లపాటు మార్చకుండా ఉంచడం. ఏడాదికొకరు మారితే జాబితా ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోతుంది.

డెక్కు సరిచేయడం, హెడ్డు వాలు పట్టడం, అతుకులు వేయడం నేర్పడానికి నవంబరులో వరుసగా రెండు శనివారాలు మేము వస్తాం. మీరు పిలిచిన సెమినరీకే వస్తాం, మిషను మోసుకొస్తాం. అప్పటిదాకా బూజు పట్టినవి, తడిసినవి విడిగా తీసి పెట్టండి. దేన్నీ మిషనులో వేసి చూడకండి.

ఇట్లు,
బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ విచారణల తెలుగు గానబృందాల వాళ్లం, మైకు, రికార్డింగు పనివాళ్లం